మీటింగ్ మధ్యలో వచ్చిన బిడ్డ

నేటి వాక్యభాగం: మార్కు 10:13–16

చిన్నపిల్లల్ని యేసు దగ్గరికి తీసుకొచ్చినప్పుడు శిష్యులు గద్దించింది ఎవరిని? పిల్లల్ని కాదు, తెచ్చినవాళ్లను. సండేస్కూల్ రోజుల నుంచి వింటున్న భాగమే అయినా ఈ సంగతి మీద మన చూపు అంతగా నిలవదు. అంతకుముందు నడిచింది చిన్న చర్చేమీ కాదు. భార్యను విడనాడవచ్చా అని పరిసయ్యులు ఆయన్ని శోధించారు, ఇంట్లోకి వచ్చాక శిష్యులు మళ్లీ అదే అడిగారు. ఆ వెంటనే మార్కు పిల్లల సంగతి చెబుతాడు. ఆయన ముందు ఇంకా యెరూషలేము ప్రయాణం ఉంది. అంత పెద్ద పనిమీద ఉన్న బోధకుడి దగ్గరికి ఇప్పుడా పిల్లల్ని తెచ్చేది అని శిష్యులకు అనిపించి ఉంటుంది.

ఇంటి నుంచి పనిచేసే తల్లికి ఆ గద్దింపు కొత్త కాదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో పడకగదిలోకి వచ్చిన ఆఫీసు చాలా ఇళ్లలో ఇంకా అక్కడే ఉంది. కాల్ నడుస్తుండగా మూడేళ్ల వాడు వచ్చి చున్నీ పట్టుకు లాగుతాడు. మ్యూట్ నొక్కేలోపే వాడి ఏడుపు అందరికీ వినిపిస్తుంది. అవతల ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ రెండు క్షణాల మౌనానికే ఆమె ముఖం చిన్నబోతుంది, “సారీ సర్” అంటుంది. పనికీ న్యాయం చేయలేకపోతున్నాను, బిడ్డకూ చేయలేకపోతున్నాను అన్న బాధ రాత్రి పక్క మీదకు చేరేదాకా వదలదు.

ఆ తల్లి ఈ భాగంలో ఒకటి చూడాలి. యేసు కోపపడ్డాడు. ఈ సంఘటనను మత్తయి, లూకా కూడా రాశారు గానీ ఆయన కోపం సంగతి రాసింది మార్కు ఒక్కడే. ఆ కోపం తెచ్చినవాళ్ల మీద కాదు, అడ్డుపడినవాళ్ల మీద. తర్వాత ఆయన పిల్లల్ని ఎత్తుకున్నాడు, వాళ్ల మీద చేతులుంచి ఆశీర్వదించాడు. ఆయనకు ఆ పూట తీరిక ఎక్కువై కాదు. ఎత్తుకున్న ఆ కాసేపూ ఆయన పూర్తిగా వాళ్లవాడు.

మీరు కాల్‌లో ఉన్నంతసేపు పిల్లల్ని ఆటలో పెట్టడం గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. చపాతీ పిండి కలిపేటప్పుడు చిన్న ముద్ద విడిగా తీసి, చిటికెడు పసుపు కలిపి, ఒక పళ్లెం, ఒక గ్లాసు ఇవ్వండి. వాడు గ్లాసు బోర్లించి అప్పాలు వత్తుతాడు, చేతుల మధ్య గుండ్రంగా తిప్పి లడ్డూలు చేస్తాడు. ఏటికొప్పాక లక్కపిడతలుంటే ఇంకా మేలు. అంకుడు కర్రతో చేసి, లక్కలో సహజమైన రంగులు కలిపి పూసిన బొమ్మలవి. చింతపిక్కలు, గవ్వలు మాత్రం మరీ చిన్నపిల్లలకు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. కాసేపటికి వాడు పళ్లెం పట్టుకుని వస్తాడు: “అమ్మా, చూడు!” ఆ చూపించడం ఆటలో భాగమే. చూసేవాళ్లు లేకపోతే ఎంత ఖరీదైన బొమ్మ కూడా పసివాణ్ని ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు. అందుకే కాల్‌కు ముందే ఫోను పక్కన పెట్టి, కాసేపు వాడి దగ్గర నేలమీద కూర్చోండి. వాడు పెట్టిన అప్పం తిన్నట్టు నటించండి, ఇంకోటి అడగండి. “పెద్ద ముల్లు ఇక్కడికి రాగానే వచ్చి చూస్తాను” అని గడియారం చూపించి లేవండి. చెప్పినట్టే వచ్చి చూడండి.

ఫోను ఇవ్వక తప్పని రోజులూ ఉంటాయి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు గడిపే సమయం రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ సమయాన్ని తప్పించుకోలేని కాల్ కోసం దాచుకుంటే అది తెలివైన పనే. దానికి దేవుని ముందు తలవంచుకోవాల్సిన పనిలేదు.

ఇలా తీరిక లేని తల్లి ఒకామె ఇంగ్లండులో ఉండేది. ఎప్‌వర్త్‌లో కాపురమున్న సుసన్నా వెస్లీ పందొమ్మిది మందిని కన్నది. బతికి పెద్దయింది పదిమంది. ఇంటి పనీ పిల్లల చదువూ ఆమె మీదే. అయినా వారంలో రోజుకో బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని దేవుని సంగతులు మాట్లాడేది. గురువారం సాయంత్రం కొడుకు జాన్‌ది. ఆక్స్‌ఫర్డ్‌లో పెద్ద చదువులు చదివి, అక్కడే బోధిస్తున్న రోజుల్లో కూడా, ఆ గురువారపు కాసేపు తనకోసం మళ్లీ ఇవ్వమని జాన్ వెస్లీ తల్లికి ఉత్తరం రాశాడు. ఆ ఇంట్లో ఏ బిడ్డకూ అమ్మ రోజంతా దొరకలేదు. దొరికిన ఆ కాస్త సమయాన్ని కొడుకు జీవితమంతా దాచుకున్నాడు.

సంఘంగా మనం ఎక్కువగా నిలబడేది అడ్డుపడిన శిష్యుల చోటే. అక్కడే ఉండిపోనక్కర్లేదు. కాల్‌లో పిల్లాడి గొంతు వినిపిస్తే, “పర్లేదమ్మా, చూసి రండి” అనేది మనమే కావచ్చు. అదే అపార్ట్‌మెంట్లో ఉన్న విశ్వాసి ఒకరు మధ్యాహ్నం పూట రెండు గంటలు ఆ పిల్లల్ని తన ఇంట్లో ఆడించవచ్చు. అది పరిచర్యే. ఆదివారం పాట పాడటానికి ఉన్నంత విలువ దీనికీ ఉందని నేను నమ్ముతున్నాను.

ప్రార్థన: ప్రభువైన యేసూ, ఈ రోజు పక్కన బిడ్డను పెట్టుకుని లాప్‌టాప్ తెరిచే ప్రతి తల్లినీ తండ్రినీ జ్ఞాపకం చేసుకో. అమెరికా వేళలకు రాత్రంతా మేలుకొని, పగలు పిల్లల్ని చూసుకునేవాళ్లకు నిద్ర దయచేయి. మనవల వెంట తిరిగే అమ్మమ్మల, నానమ్మల మోకాళ్లకు బలమివ్వు. తోడు లేకుండా బిడ్డను పెంచుతున్న తల్లి దగ్గరికి ఈ వారమే ఒక మనిషిని పంపు. ఆ మనిషి మేమే అయితే, వెళ్లే మనసు మాకివ్వు. ఆమేన్.