సరళరేఖ దూరం: తర్కశాస్త్ర దృష్టి

జావా నేర్చుకునేవారు తొలిరోజుల్లో రాసే ప్రోగ్రాముల్లో రెండు బిందువుల మధ్య సరళరేఖ దూరం లెక్కగట్టేది ఒకటి. అది నాలుగు సంఖ్యలు తీసుకుని, అడ్డం తేడా వర్గాన్నీ నిలువు తేడా వర్గాన్నీ కూడి, వర్గమూలం తీస్తుంది. నిజామాబాద్, బోధన్‌ల అక్షాంశ రేఖాంశాలను డిగ్రీల్లోనే ఇస్తే వచ్చే జవాబుకు అర్థం ఉండదు. ఇక్కడ ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 105. డిగ్రీలను కిలోమీటర్లలోకి మార్చి ఇస్తే 20 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. రోడ్డు అంతకన్నా ఎక్కువ.

ఆ సంఖ్య దేనికి చెందుతుందన్నది తాత్త్విక ప్రశ్న. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో 24 గుణాలు చెప్పాడు. వాటిలో పరిమాణం, అంటే కొలత, ఒకటి. అది ఏదో ఒక ద్రవ్యంలోనే ఉండాలి. రెండు ఊళ్ల నడుమ పరచుకున్న దిక్కు అనే ద్రవ్యం ఒక్కటే, నిత్యం, సర్వవ్యాపి. దానికి 20 కిలోమీటర్ల కొలత అంటదు. ఊళ్లలో ఏ ఒక్కదానికీ అది చెందదు. బౌధాయన శుల్బసూత్రం యజ్ఞవేదికల కొలతల కోసం, ప్రోగ్రాము వాడే ఈ కర్ణసూత్రాన్నే చెప్పినప్పుడు కొలిచే సాధనం తాడు. పొడవు ఆ తాడుది. ప్రోగ్రాము చెప్పేదీ రెండు ఊళ్ల మధ్య బిగించి కడితే పట్టే తాడు పొడవే. తాడు మాత్రం ఊహలోది.

దూరం, దగ్గర అనే వ్యవహారానికి అన్నంభట్టు పరత్వం, అపరత్వం అని వేరే గుణాలు చెప్పాడు. అవి పుట్టడానికి ఎక్కడినుంచి చూస్తున్నామన్న అవధి, రెండింటిని పోల్చే అపేక్షాబుద్ధి ఉండాలని అతను అనుసరించిన వైశేషికుల మతం. ఆ బుద్ధి పోతే ఆ గుణమూ పోతుంది.

బోధన్ చెరకు రైతు విషయంలో ఈ తేడా స్పష్టం. నరికిన చెరకు నిలవుంటే చక్కెర శాతం పడిపోతుంది కనుక ఫ్యాక్టరీ దగ్గరా దూరమా అన్నది అతనికి ముఖ్యం. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో ఆడుతున్నంత కాలం చుట్టుపక్కల పొలాలకు అదే దగ్గర, మిగతావి దూరం. 2015 డిసెంబరులో అది మూతపడింది. అంతవరకు దూరమన్న ఫ్యాక్టరీల్లో ఒకటి అప్పటినుంచి దగ్గరిదైంది. పొలం నుంచి ఏ ఫ్యాక్టరీకైనా గీసే సరళరేఖ పొడవు ఇసుమంత మారలేదు, మారింది పోలిక.

ప్రోగ్రాములో బిందువులను తారుమారు చేసినా జవాబు ఒకటే. అవధి ఏదో అది అడగదు. అందుచేత దాని ఫలితం పరిమాణం విషయంలో సరైనదే. పరత్వాపరత్వాలు దాని పరిధిలోకి రావు.