నిజంగానే చెరిపెయ్యాలా?

కుంభకర్ణుడు ఇంద్రాసనం అడగబోయి నిద్రాసనం అడిగాడని చెప్పుకుంటాం. నాలుక మడత పడింది, బ్రహ్మ తథాస్తు అన్నాడు. ఆ కథ విని కుంభకర్ణుణ్ణి చూసి నవ్వుకుంటాం. మనసులో ఉన్నది తెలిసి కూడా నోటిమాటకే ఎందుకు కట్టుబడ్డావయ్యా అని బ్రహ్మని మాత్రం ఎవరూ నిలదియ్యరు.

కమాండ్ లైన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎదురయ్యేది అలాంటి వరప్రదాతే. పీడబ్ల్యూడీ అని కొడితే ఎక్కడున్నామో చెబుతుంది. ఎల్లెస్ అంటే అక్కడ ఏమున్నాయో చూపిస్తుంది. సీడీ అంటే ఇంకో ఫోల్డర్‌లోకి తీసుకెళుతుంది. మొదటి వారం ఇంతే, ప్రమాదమేమీ లేదు. తర్వాత ఆరెమ్ వస్తుంది. మామూలుగా అది ‘నిజంగానే చెరిపెయ్యాలా?’ అని అడగదు. రీసైకిల్ బిన్‌లో దాచిపెట్టదు. పని అయిందని కూడా చెప్పదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ నుంచి వచ్చిన మర్యాద ఇది. చెప్పిన పని సవ్యంగా జరిగితే ఇక మాట్లాడటం దేనికి?

ఇది కాఠిన్యం అంటారు కొందరు. నాకలా అనిపించదు. మౌస్‌తో పనిచేసేటప్పుడు ‘ఖచ్చితమేనా?’ అంటూ వచ్చే పెట్టెని ఎవరు చదువుతున్నారు గనక? అది కనబడేలోపే వేలు ‘అవును’ మీద ఉంటుంది. అడగడం అలవాటైన చోట ఒప్పుకోవడమూ అలవాటే అవుతుంది. ఆరెమ్ పక్కన ‘ఐ’ తగిలిస్తే ఒక్కో ఫైలుకీ అడుగుతుంది, ఎప్పుడూ అలాగే అడిగేలా అమర్చుకునేవాళ్ళున్నారు. ఆ చెయ్యే రేపు ఇంకో మిషన్ దగ్గర, రాని ప్రశ్నని నమ్ముకుని ఎంటర్ కొడుతుంది.

సరే, బాధ్యతంతా కొట్టినవాడిదేనా? 2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామ్ లినక్స్ రూపంలో ఒక లోపం బయటపడింది. తన ఫోల్డర్ పేరు గుర్తుపెట్టుకుని, దాని కింద ఉన్నవన్నీ చెరిపెయ్యమనే వరుస ఒకటి అందులో ఉంది. ఆ పేరు ఖాళీగా వస్తే మిగిలేది ఒక ఏటవాలు గీత, ఒక నక్షత్రం గుర్తు. అంటే మిషన్ మొదలంటా, చెరపడానికి అనుమతి ఉన్న ప్రతిదీ. ఆ వరుస దగ్గరే రాసినవాళ్ళు పెట్టుకున్న వ్యాఖ్య ఒక్క మాట: భయంగా ఉంది అనే అర్థంలో. భయం వాళ్ళకి తెలుసు. ఫైళ్ళు పోయింది మాత్రం ఆ వరుసని ఏనాడూ చూడనివాళ్ళవి.

కొత్తవాళ్ళు రోజూ చేసేదీ దీనికి దగ్గరే. ఎక్కడో దొరికిన వరుసకి ముందు సుడో ఉంటుంది, అంటే యజమాని అధికారంతో అని. చదవకుండానే అతికించేస్తారు. మంత్రాలకి అర్థం లేదన్న కౌత్సుడి వాదాన్ని యాస్కుడు నిరుక్తంలో ఖండించాడు గానీ, ఈ తెర ముందు కౌత్సుడిదే పైచేయి. అర్థం తెలియకపోయినా వరుస పనిచేస్తుంది. చిక్కంతా అదే.

అలాగని అన్నీ తెలుసుకున్నాకే కొట్టాలంటే ఎవరూ మొదలుపెట్టలేరు. చిలకపలుకులు లేకుండా ఏ భాషా రాదు. నేనైతే గీత ఇంకోచోట గీస్తాను: చేసినది వెనక్కి తీసుకోగలమా, లేదా? ఎల్లెస్‌ని చిలకలా పలకొచ్చు. ఆరెమ్‌ని కాదు. ఎమ్వీని కూడా కాదు, చూడటానికి సాధువే గానీ అదే పేరుతో ఉన్న పాత ఫైలుని చప్పుడు లేకుండా తుడిచేసి దాని చోట్లో కూర్చుంటుంది. మిషన్ మీద పక్కవాళ్ళ ఫైళ్ళు కూడా ఉంటే, తెలియక కొట్టానన్న మాట వాళ్ళకి ఏం ఓదార్పు?

నక్షత్రం గుర్తు సంగతి మరీ విచిత్రం. దాన్ని ఆరెమ్ చూడనే చూడదు. షెల్ అనే మధ్యవర్తి ముందుగానే దాన్ని విప్పి, దొరికిన పేర్లన్నీ జాబితాగా ఆరెమ్ చేతికిస్తుంది. మనం ఏమన్నామో ఆరెమ్‌కి తెలీదు, దానికి అందింది జాబితా. అందుకే పాతకాపులు ఆరెమ్ బదులు ఎకో పెట్టి, అదే వరుస ముందోసారి కొట్టి చూస్తారు. ఏ పేర్లు పోబోతున్నాయో తెరమీదకి వస్తాయి. నక్షత్రానికీ పక్క అక్షరానికీ మధ్య పొరపాటున ఒక ఖాళీ పడి ఉంటే, ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఆ జాబితాలో కనబడతాయి. అప్పుడు ఆ ఖాళీని తీసేసి, మళ్ళీ ఎకోనే కొడతారు.