ప్రేరకుని భాగం: బాలల ఊబకాయం, వాణిజ్య ప్రకటనల నైతిక బాధ్యత

మంచిపనికైనా చెడ్డపనికైనా కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు అనే నలుగురూ సమభాగులన్న అభిప్రాయం మన సంప్రదాయంలో ప్రసిద్ధం. బాలల ఊబకాయానికి బాధ్యులెవరన్న ప్రశ్నకు ఈ విభజనను అన్వయించినప్పుడు మొదటి చిక్కు కర్త దగ్గరే ఎదురవుతుంది. చిప్స్ తిన్నది పిల్లవాడే అయినా, ఆరేళ్లవాణ్ణి తన దేహస్థితికి కర్తగా ఎవరూ అంగీకరించరు. ఖాళీ అయిన ఆ స్థానంలో తల్లిదండ్రులను, ఆచరణలో చాలావరకు తల్లిని, నిలబెట్టడం పరిపాటి అయింది. కొనిపెట్టింది ఆమె, ప్రకటన సమాచారం మాత్రమే ఇచ్చింది, కొనమని ఎవరూ నిర్బంధించలేదు అన్నది ఈ వాద స్వరూపం.

ఇందులో ‘సమాచారం’ అన్న మాట పరిశీలనకు నిలవదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యోపదేశాన్ని కాంతాసమ్మితం అన్నాడు. ప్రభువు శాసిస్తాడు, మిత్రుడు హితం చెబుతాడు, కాంత మనస్సును తనవైపు తిప్పుకొని చెబుతుంది. పిల్లలకోసం రూపొందే ప్రకటన అనుకరించేది ఈ మూడవ పద్ధతినే. పాట, బొమ్మ, హాస్యం, అభిమాన నటుడు అన్నీ తెరమీద ఉంటాయి. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎంతెంత ఉన్నాయన్న సమాచారం పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అయితే కావ్యం సహృదయుణ్ణి అపేక్షిస్తుంది. అతిశయోక్తిని అతిశయోక్తిగా గుర్తించగలవానికే అది అలంకారం. శీతలపానీయం తాగిన కథానాయకుడు కొండమీదినుంచి దూకితే పెద్దలు నవ్వుకుంటారు. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో అధికులకు ప్రకటన వెనుక ఉన్న అమ్మకపు ఉద్దేశం బోధపడదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కార్యబృందం 2004లో తేల్చింది. అటువంటి శ్రోతను ఎంచుకొని ప్రయోగించిన అతిశయోక్తి వంచనకు చాలా దగ్గరగా వస్తుంది.

పిల్లవాని సమ్మతికి విలువ ఎంతో చట్టం వేరొక సందర్భంలో ఏనాడో నిర్ణయించింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అతని ఒప్పందం చెల్లదని 1903లో మొహరీ బీబీ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ స్పష్టం చేసింది. సంతకానికి పనికిరాని ఆ సమ్మతి అంగడిలో మారాం రూపంలో చెల్లుబాటవుతున్నది. మారాం తల్లీబిడ్డల మధ్య సాగే వ్యవహారం. ప్రకటనకర్త అందులోకి మూడవ వ్యక్తిగా ప్రవేశించి, తన అమ్మకపు పనిని బిడ్డ నోటితో చేయిస్తున్నాడు. ఆ మేరకు అతణ్ణి ప్రేరకుడనడం చాలదు, కారయిత అనవలసి ఉంటుంది.

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 1978 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో పదమూడేళ్లలోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించింది. ప్రకటన ఎవరిని ఉద్దేశించిందో తేల్చడానికి వస్తువు స్వభావం, ప్రదర్శించిన తీరు, చూపిన వేళ, చోటు ప్రమాణాలు. 1989లో ఆ దేశపు సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ఆధిక్యంతో, ఇద్దరి భిన్నాభిప్రాయంతో ఈ నిషేధాన్ని సమర్థించింది. కోర్టుకెక్కింది అర్విన్ టాయ్ అనే ఆటబొమ్మల కంపెనీ కావడం ఆలోచించదగినది. ఊబకాయానికి వంశపారంపర్యం, నిద్ర, ఆటస్థలాల కొరత, ఆదాయం, ఆహారధరలు వంటి అనేక కారణాలున్నాయి. అందులో ప్రకటన వాటా ఎంతో తూచి చూపమనడం వ్యాపారపక్షం తరచు చేసే ప్రతివాదం. క్యుబెక్ తర్కానికి ఆ తూకంతో పనిలేదు. పిల్లవాడు సన్నగానే ఉన్నా, అతని అపరిణతిని వ్యాపార సాధనంగా వాడుకోవడం దోషమే.

భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో వెలువరించిన మార్గదర్శకాలు చిప్స్, కార్బొనేటెడ్ పానీయాల వంటి జంక్ ఫుడ్ ప్రకటనలను పిల్లల కార్యక్రమాల్లో, పిల్లలకే ప్రత్యేకించిన ఛానెళ్లలో చూపరాదన్నాయి. తెలుగు ఇళ్లలో పిల్లలు పెద్దలతో కలిసి సీరియళ్లూ క్రికెట్టూ చూస్తారు. ఆ నియమం అక్కడికి చేరదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే వయస్సువారిలో 35.5 శాతం వయస్సుకు తగ్గ ఎత్తు ఎదగని దేశంలో ఇది చిన్న సంఖ్యగా కనిపించవచ్చు. అయితే ఐదు రూపాయల పొట్లం ఈ రెండు రకాల పిల్లలకూ అందుతున్నది.

సమభాగ సూత్రం ఇబ్బంది పెట్టేది ఇక్కడే. నలుగురికీ సమానంగా పంచిన బాధ్యత ఎవరికీ బరువనిపించదు. ఏ వేళ, ఏ రంగుతో, ఏ పాటతో చూపితే పిల్లవాడు అడుగుతాడో డబ్బు ఖర్చుపెట్టి ముందే తెలుసుకున్నవాడు ఒకడు. దుకాణం ముందు నిలబడ్డాక తెలుసుకునేది తల్లి. జ్ఞానంలో ఇంత అంతరం ఉన్నచోట భాగాలు సమానం కాజాలవు. తల్లికి అసలు బాధ్యత లేదనడమూ పొరపాటే. సున్నుండలూ తీపివే, కానీ వాటిని చేసిన అమ్మమ్మ ఎదురుగా కూర్చుని, రెండవదానితో చాలు అనగలదు. ఇంటివారికి ఉన్న ఆ అవకాశం మేరకు అనుమోదకుల భాగం వారికి దక్కుతుంది.

బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న తినుబండారాలను అమ్మరాదని, ప్రచారం చేయరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో నిబంధనలు చేసింది. బడినుంచి వచ్చిన పిల్లవాడి చేతిలోని ఫోనుకు ఆ 50 మీటర్లను ఎక్కడినుంచి కొలవాలో ఆ నిబంధనల్లో లేదు.