అనేసిన మాట ఎవరిది?

2024 జులైలో కొన్నాళ్ళపాటు మా వాట్సాప్ గ్రూపుల్లో వేరే కబుర్లు లేవు. ట్రంప్ తన రన్నింగ్ మేట్‌గా ఎవర్ని పెట్టుకుంటాడు? రూబియో అని కొందరు, బర్గమ్ అని కొందరు, వాన్స్ అని కొందరు. 15వ తారీకున మిల్వాకీలో పార్టీ కన్వెన్షన్ మొదలైన రోజే వాన్స్ పేరు బయటికొచ్చింది. ఆయన భార్య ఉష చిలుకూరి వారమ్మాయి, వాళ్ళ పెద్దల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. ఇంకేముంది, సాయంత్రానికల్లా వాన్స్ ‘మన అల్లుడు’ అయిపోయాడు. అంతకుముందు రోజుదాకా ట్రంప్ పేరెత్తితే మండిపడేవాళ్ళు కూడా వడ్లూరు వీడియోలు ఫార్వర్డ్ చేశారు.

ఆ రాత్రే ఎవరో అల్లుడుగారి పాత మాటలు గ్రూపులో పెట్టారు. 2016లో ఆయన ట్రంప్‌ని గట్టిగా వ్యతిరేకించినవాడు. ఒక స్నేహితుడికి ప్రైవేటుగా రాసుకున్న మెసేజిలో, ఈ మనిషి అమెరికాకి హిట్లర్ అవుతాడేమోనన్న అనుమానం కూడా వెలిబుచ్చాడు. దాని కింద ఒకాయన రాశాడు: “రాజకీయాల్లో ఇవన్నీ మామూలే కదండీ!” పదిహేను మంది బొటనవేలు ఎత్తారు. నేనూ ఎత్తబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో కాసేపాగి చెప్తాను.

మన దగ్గర టికెట్ అంటే పార్టీవాళ్ళు ఒక మనిషికిచ్చే బీ-ఫారం. ఇక్కడ అధ్యక్ష ఎన్నికల్లో టికెట్ అంటే ఇద్దరు మనుషులు, ఒక జంట. ఓటరు ఇద్దరికీ కలిపి ఒకే ఓటు వేస్తాడు. మొదట్లో ఇలా లేదు. రెండో స్థానంలో వచ్చినవాడే ఉపాధ్యక్షుడు. అలాగే 1796లో ఆడమ్స్ అధ్యక్షుడైతే, ఆయన చేతిలో ఓడిపోయిన జెఫర్సన్ ఉపాధ్యక్షుడయ్యాడు. ప్రత్యర్థులు ప్రత్యర్థులుగానే ఒకే ప్రభుత్వంలో కూర్చున్నారు. పాత మాటలు మింగాల్సిన అవసరం ఇద్దరికీ పడలేదు. ఆ పైసారి జెఫర్సన్‌కీ బర్‌కీ చెరి 73 ఓట్లు వచ్చి, ప్రతినిధుల సభ 36 సార్లు ఓటేస్తేగానీ వ్యవహారం తెమల్లేదు. దాంతో 1804లో పన్నెండో సవరణ తెచ్చి రెండు పదవులకీ విడివిడిగా ఓటు పెట్టారు. జంటలు కట్టడం అప్పట్నుంచి స్థిరపడింది. జంట కట్టాక ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి, కనీసం ఉన్నట్టు కనబడాలి.

అభ్యర్థి ఖాయమయ్యాక రన్నింగ్ మేట్ పేరు ప్రకటించేదాకా సాగే ఊహాగానాల్ని టీవీవాళ్ళు గుర్రప్పందెంలా చూపిస్తారు. నాకు మాత్రం తెలుగు పేపర్లలో నామినేషన్లప్పుడు కనబడే ‘బుజ్జగింపుల పర్వం’ గుర్తొస్తుంది. ఉన్న కుర్చీ ఒక్కటి. దాని మీద ఆశ పెట్టుకోదగిన వాళ్ళు పదిమంది. ఆ పదిమందీ ఆ వారాలన్నీ నోరు అదుపులో పెట్టుకుంటారు. ఎవరైనా అడిగితే, నన్నెవరూ సంప్రదించలేదు, ఉన్న పనితో నేను హాయిగా ఉన్నాను అంటారు. పేరు ఎంత ఆలస్యంగా ప్రకటిస్తే అభ్యర్థికి అంత లాభం. ఒక్క కుర్చీతో పదిమందిని మౌనంగా కూర్చోబెట్టే ఏర్పాటు ఇంకెక్కడా చూడలేదు నేను.

దీన్ని వెక్కిరించడం తేలిక. నేను చాలాకాలం ఆ పనే చేశాను. కానీ రెండే పెద్ద పార్టీలున్న దేశంలో ప్రైమరీల్లో ఒకళ్ళనొకళ్ళు అనుకోకుండా ఎంపిక జరగదు, అనుకున్నాక కలవకుండా గెలుపు రాదు. మన ఇళ్ళల్లో పెళ్ళిమాటల దగ్గర రెండువైపులవాళ్ళూ ఎన్నెన్నో అనుకుంటారు. మూడు ముళ్ళూ పడ్డాక వాటిని తవ్వి తీసేవాణ్ణి మూర్ఖుడంటాం. కలవడం తప్పు కాదు. మరి నన్ను గుచ్చుతున్నదేమిటి?

2019 జూన్ 27న మయామీలో జరిగిన డిబేట్లో కమలా హారిస్ బైడెన్‌ని నిలదీసింది. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కలపడానికి బస్సుల్లో వేరే పేటల బళ్ళకి పంపే పద్ధతి ఒకటుండేది, బస్సింగ్ అనేవారు. 1970లలో బైడెన్ దాన్ని వ్యతిరేకించాడు. కాలిఫోర్నియాలో అలా రోజూ బస్సెక్కి బడికి వెళ్ళిన ఒక చిన్నపిల్ల ఉండేదనీ, ఆ పిల్లని నేనేననీ ఆమె చెప్పింది. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ మాటతో ఆమె ప్రచారంవాళ్ళు టీషర్టులు కూడా అమ్మారు. ఏడాది తిరిగాక, 2020 ఆగస్టులో, బైడెన్ ఆమెనే రన్నింగ్ మేట్‌గా ఎంచుకున్నాడు. అంతకుముందే టీవీలో స్టీఫెన్ కోల్బేర్ ఆ డిబేట్ సంగతి అడిగితే ఆమె పెద్దగా నవ్వి, అది డిబేట్ కదా అంది.

నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఆమె బైడెన్‌ని క్షమించిందా లేదా అన్నది వాళ్ళిద్దరి మధ్య వ్యవహారం. అదే డిబేట్ చూస్తూ, తన చిన్నప్పటి బస్సు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్న ఆడమనిషి ఎక్కడో ఒకామె ఉండే ఉంటుంది కదా. ఆమెకి అది డిబేట్ కాదు. ఆ నవ్వు వింటే ఆమెకెలా ఉండి ఉంటుంది?

బుష్ సంగతి ఇంకో రకం. నేను పెద్దబుష్ గురించి చెప్తున్నాను. 1980 ప్రైమరీల్లో రీగన్‌కి గట్టి పోటీ ఆయనే. పన్నులు బాగా తగ్గిస్తాను, రక్షణ ఖర్చు పెంచుతాను, బడ్జెట్ కూడా సరిపెడతాను అని రీగన్ అంటుంటే, ఆ ఏప్రిల్లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మాట్లాడుతూ బుష్ దాన్ని ‘వూడూ’ ఆర్థిక విధానం అన్నాడు. మనమైతే బాణామతి లెక్కలు అనేవాళ్ళమేమో. జులైలో డెట్రాయిట్ కన్వెన్షన్‌కి వచ్చేసరికి రీగన్ చూపు మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ మీదుంది. ఫోర్డ్ టీవీలో వాల్టర్ క్రాంకైట్ ముందు కూర్చుని మాట్లాడిన తీరు చూస్తే ఇద్దరు అధ్యక్షులు వస్తారేమో అనిపించింది జనానికి. ఆ బేరం ఆ రాత్రే చెడింది. అర్ధరాత్రి కావస్తుండగా రీగన్ బుష్‌కి ఫోన్ చేసి, పార్టీ ప్రణాళికని సమర్థిస్తావా అని అడిగాడు. అందులో అబార్షన్ మీద బుష్‌కి అంతవరకూ గిట్టని సంగతులున్నాయి. సమర్థిస్తానన్నాడు.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. కానీ 1982లో, అప్పటికి ఉపాధ్యక్షుడు, ఆ వూడూ మాట నేననలేదు, అన్నట్టు టేపుంటే చూపించండి అన్నాడు. ఎన్‌బీసీవాళ్ళు వెతికి చూపించారు. రీగన్ హయాంలో లోటు ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. ఏప్రిల్లో బుష్ వేసిన అంచనా మరీ తప్పేం కాదన్నమాట. మన మాట నిజమని తేలుతున్న రోజుల్లోనే ఆ మాట మనది కాదని చెప్పుకోవాల్సి రావడం ఎంత ఇరకాటమో నాకు కొంచెం తెలుసు.

ఇప్పుడు నా సంగతి. పదేళ్ళ కిందట మా ఊరి తెలుగు సంఘం ఎన్నికల్లో రెండు ప్యానెళ్ళు దిగాయి. ఒకదానికి నేను అధ్యక్ష అభ్యర్థిని. నలభై యాభై కుటుంబాల సంఘం, దానికి అంత హడావిడేమిటని నవ్వుకోకండి, అక్కడ ఉన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ వేడి. సర్వసభ్య సమావేశంలో లేచి, మూడేళ్ళుగా హాలు అద్దె, భోజనాల ఖర్చు లెక్కలు సభ్యులకి చూపించలేదు అన్నాను. దొంగతనమని అనలేదు. చూపించలేదు అన్నాను. అది నిజం. రిటైరై కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్న ఒక మాస్టారు నా మాట పట్టుకుని సభ్యులందరికీ పెద్ద ఈమెయిల్ రాశారు. సగం ఇళ్ళల్లో ఆయనతో మాట్లాడటం మానేశారు.

తర్వాత పెద్దలు కూర్చోబెట్టారు. సంఘం చీలితే పిల్లలకి రెండు ఉగాదులా అన్నారు. ఆయన అధ్యక్షుడు, నేను ఉపాధ్యక్షుణ్ణి, ఎన్నిక ఏకగ్రీవం. లెక్కల మాట నేను ఎత్తబోతే, “ఇప్పుడవెందుకు లెండి, కలిశాం కదా” అన్నారెవరో. నేను మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారు ఫోన్ చేశారు. “ఏమయ్యా, నువ్వు చెప్పింది నిజమా, కాదా? ఆ ఒక్కటీ చెప్పు చాలు.”

“సంఘం చీలకూడదు కదా మాస్టారూ.”

“నేనడిగింది అది కాదు” అని పెట్టేశారు.

ఆయన ప్రశ్న అర్థమవడానికి నాకు చాలాకాలం పట్టింది. నేను రాజీపడింది అవతలి అభ్యర్థితో. అది మా ఇద్దరి మధ్య సరిపోయింది. కానీ నా మాట మీద మాస్టారు తన పరువు పెట్టారు. రాజీ గదిలో ఆయనకి కుర్చీ లేదు. ప్రచారంలో అనేసిన మాట అన్నవాడి సొంతం అనుకుంటాం, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చనుకుంటాం. నమ్మినవాళ్ళకి అందులో వాటా ఉంటుంది. వాళ్ళనడక్కుండా అమ్మేశాను నేను.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ 1960. లాస్ ఏంజెలెస్ కన్వెన్షన్‌కి ముందు లిండన్ జాన్సన్ మనుషులు విలేకరుల్ని పిలిచి, కెనడీకి ఆడిసన్స్ జబ్బు ఉందన్నారు. కెనడీ పక్షంవాళ్ళు కాదన్నారు. నిజానికి ఉంది. కెనడీ నెగ్గిన మర్నాడే జాన్సన్‌కి ఉపాధ్యక్ష పదవి ఇవ్వజూపాడు. కార్మిక నాయకులు మండిపడ్డారు. రాబర్ట్ కెనడీ స్వయంగా జాన్సన్ గదికెళ్ళి తప్పుకోమని నచ్చజెప్పబోయాడు. జాన్సన్ తప్పుకోలేదు. నవంబర్లో టెక్సాస్ దాదాపు 46 వేల ఓట్ల తేడాతో చేతికొచ్చింది. జబ్బు మాట ఆ జులైలోనే సద్దుమణిగిపోయింది. ఓటర్లు తెలుసుకోవలసిన నిజం అది. బస్సింగ్ మీదా, పన్నుల మీదా ఎవరి అభిప్రాయం వాళ్ళకుండొచ్చు. ఒంట్లో జబ్బుందా లేదా అన్నదాంట్లో రెండు అభిప్రాయాలుండవు. మా సంఘం లెక్కలు కూడా ఆ కోవలోవే.

అయితే ఇక్కడ నా వాదం నాకే ఎదురు తిరుగుతుంది. ఓట్ల లెక్క కోసం పక్కన కూర్చోబెట్టుకున్న ఆ జాన్సనే 1964లో పౌరహక్కుల చట్టం గట్టెక్కించాడు. 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర కూర్చుని కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు మన దేశానికి ఏడాదికి వంద కోటా. ఆ చట్టం లేకపోతే తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ ఇన్ని వేలమంది ఇక్కడికి వచ్చేవాళ్ళా? ఆ సంస్కరణ కోరినవాళ్ళలో కెనడీ కూడా ఉన్నాడు, 1963లోనే కాంగ్రెస్‌కి పంపాడు, ఆ సంగతీ చెప్పుకోవాలి. అయినా దాన్ని నెగ్గించుకొచ్చింది జాన్సనే. అంటే నేనిక్కడ కూర్చుని ఆ రాజీని తప్పుపడుతున్నానంటే, ఆ రాజీ పెట్టిన అన్నం తింటూ తప్పుపడుతున్నానన్నమాట. మా సంఘంలోనూ అంతే. ఆ ఉగాది బ్రహ్మాండంగా జరిగింది. పిల్లలకి ఆదివారం తెలుగు బడి మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మంచి జరిగింది కాబట్టి మాస్టారి బాకీ తీరిపోయిందా? తీరలేదనే నాకనిపిస్తోంది. అందుకని ఆ బడి ఉండకూడదని కూడా అనలేను.

మరేం చేసుండాలి? రాజీపడి పక్క సీట్లో కూర్చుని, కూర్చున్న దగ్గర్నుంచీ పొడుస్తూ ఉండాలా? దానికి మనకో మాటే ఉంది, శల్యసారథ్యం. దుర్యోధనుడి ఆతిథ్యానికి చిక్కి అటుపక్క చేరిన శల్యుడు, కర్ణుడి రథం తోలుతూనే అతని ధైర్యాన్ని దెబ్బతీశాడు. ధర్మరాజుకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. కానీ రథమెక్కి చేసే పని కాదది. ఎక్కకుండా ఉండాల్సింది.

2008 వేసవిలో జరిగింది నాకు కొంత దారి చూపిస్తుంది. జూన్‌లో హిల్లరీ క్లింటన్ ఓటమి ఒప్పుకున్నాక, ఒబామాతో కలిసి న్యూహాంప్‌షైర్‌లోని యూనిటీ అనే చిన్న ఊళ్ళో సభ పెట్టారు. ప్రైమరీలో ఆ ఊళ్ళో ఇద్దరికీ సరిగ్గా 107 ఓట్ల చొప్పున వచ్చాయి. ఊరి పేరు చూసి ఏరుకున్నారులే అని నవ్వాను అప్పుడు. ఆమెనే రన్నింగ్ మేట్‌గా తీసుకుంటాడని ఊహాగానాలు నడిచాయి. ఆగస్టులో బైడెన్ పేరు వచ్చింది. అది ప్రకటించాక, కుర్చీ ఆశ ఏమీ మిగలని స్థితిలో, డెన్వర్ వేదిక మీద ఆమె తన వాళ్ళనే నేరుగా అడిగింది: మీరు నా ఒక్కదాని కోసం పనిచేశారా, లేక మనం ఎవరి కష్టాల గురించి మాట్లాడామో వాళ్ళ కోసమా అని. రాజకీయం ఉండే ఉంటుంది అందులో. తర్వాత విదేశాంగ మంత్రి పదవీ వచ్చింది. ఐనా ఆమె మాట్లాడింది ఒబామాతో కాదు, తనని నమ్మి అలిగి కూర్చున్నవాళ్ళతో. నేను మాస్టారికి చేయాల్సిన ఫోన్ అదే. ‘నేను చెప్పింది నిజమే మాస్టారూ. అయినా కలుస్తున్నాను, ఇదీ కారణం. మీకు జరిగిన నష్టం నావల్లే’ అని. రెండు నిమిషాల పని.

వాన్స్ విషయానికొస్తే, 2024 అక్టోబర్ డిబేట్లో ఆ పాత మాటలు నావేననీ, నేనే పొరబడ్డాననీ, పత్రికలు తప్పుదారి పట్టించాయనీ అన్నాడు. ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? అనలేదని మాత్రం బుకాయించలేదు. పత్రికల మీదకి తోసేయకుండా ఆగి ఉంటే ఇంకా బావుండేది.

మొన్నామధ్య గుళ్ళో ప్రసాదం వరసలో మాస్టారు కనిపించారు. చేతికర్ర వచ్చింది. నన్ను చూసి తప్పుకోలేదు. “2028లో వీళ్ళు ఎవర్ని నిలబెడతారంటావు? పక్కన ఎవర్ని పెట్టుకుంటారు?” అని అడిగారు. నేనో రెండు పేర్లు చెప్పాను. ఆయన ఇంకోటి చెప్పారు. పులిహోర ప్లేటు ఆయన చేతికందించాను. లెక్కల మాట నా గొంతుదాకా వచ్చింది. వెనకాల వరస కదలమంటోంది.