పిల్లికొక వాకిలి



ఈ నెల మేము వ్రాయబోవు సంగతి విని కొందరు నవ్వవచ్చును. పిల్లి వచ్చిపోవుటకు ఇంటి తలుపులో ఒక చిన్న తలుపు పెట్టవలెనా అక్కరలేదా అనునదే ఆ సంగతి. ఇది వేదపండితులు కూర్చుండి తర్కించవలసిన ప్రశ్న కాదు. అయినను ఒక చెల్లెలు మనస్సు నొచ్చి వ్రాసిన ఉత్తరమునకు జవాబు చెప్పబోయి, మేము మూడు వారములు ఎటును తేల్చుకొనలేక పోతిమి.

ఆ చెల్లెలు మా సంఘములో బాప్తిస్మము పొందిన బిడ్డ. నర్సు పని నేర్చుకొని, ఇప్పుడు ఇంగ్లాండులో ఎక్సెటరు అను పట్టణమున ఆసుపత్రిలో పనిచేయుచున్నది. భర్తయు ఇద్దరు పిల్లలును ఆమెతోనే ఉన్నారు. వారి ప్రక్కింట ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉండెడిది. క్రిందటి చలికాలమున ఆమెను వృద్ధాశ్రమమునకు తీసికొనిపోయిరి. వెళ్ళునాడు ఆమె తన పిల్లిని ఈ చెల్లెలి చేతిలో పెట్టి, దీనిని చూచుకొందువా అని అడిగినది. చెల్లెలు సరే అన్నది. చిక్కంతయు ఆ ఒక్క మాటతో వచ్చినది.

ఆ వృద్ధురాలి ఇంట వంటగది తలుపు అడుగున జానెడు రంధ్రమొకటి చేసి, పైన బందుతో ఒక పలుచని రెక్క బిగించి యుండిరి. పిల్లి తలతో నెట్టినచో రెక్క తెరుచుకొనును, అది దాటిపోగానే దానంతట అదే మూసుకొనును. గాలికి కొట్టుకొనకుండ అయస్కాంతపు ముక్క దానిని పట్టుకొని యుండును. ఆ దేశములో ఇట్టివి అనేకుల ఇండ్లలో కలవు. ఎవరిని అడుగకుండ వచ్చిపోవుట కలవాటు పడిన ఆ పిల్లి ఇప్పుడు చెల్లెలి ఇంటి వెనుకనున్న అద్దపు తలుపు ముందు కూర్చుండి చూచుచుండును. ఆమెకు రాత్రి డ్యూటీలు. భర్త తెల్లవారకముందే పనికి పోవును. ఉదయమున ఆమె ఇల్లు చేరునప్పటికి పిల్లి వానలో నాని, అద్దము కవతల అట్లే కూర్చుండి యుండునట. అరవను కూడ అరవదట.

రెక్క పెట్టింతమని ఆమె అన్నది. భర్త ఒప్పుకొనలేదు. ఆయన మాటలను ఆమె ఉన్నవి ఉన్నట్లు వ్రాసినది. అందుకు ఆమెను మెచ్చుకొంటిమి. ఇల్లు అద్దెది, తలుపు మనది కాదు. తలుపునకు కన్నము పెట్టిన చలి లోనికి వచ్చును, ఊరి పిల్లులన్నియు వచ్చును. మనము ఇంట నున్నప్పుడు తీయుచునే యున్నాము గదా, లేనప్పుడు పిల్లి ఓర్చుకొనవలెను. ఇందులో ఒక్క మాటయు తీసివేయదగినది కాదు. చివర ఆమె ఇట్లు అడిగినది: "అయ్యగారూ, నేను ఇంట్లో ఉన్నప్పుడు తలుపు తీస్తూనే ఉన్నాను. అంతటితో నేను ఇచ్చిన మాట నెరవేరినట్లేనా?"

మన పాత పెంకుటిండ్లలో ఈ ప్రశ్న పుట్టలేదు. చూరు క్రింది సందునుండియో, వంటయింటి తూమునుండియో పిల్లి వచ్చిపోవుచుండెడిది. ఎవరును దానికి దారి కట్టలేదు, ఉన్న దారిని మూయను లేదు. గాదెలో ధాన్యమున్నన్నాళ్ళు దాని రాకపోకలు మనకే కావలసి యుండెను. (అదే తూమునుండి పామును వచ్చెడిది, భర్తగారి భయము ఊరక పుట్టినది కాదు.) ఇప్పుడు మన పల్లెలలోను డాబాలు లేచినవి. కిటికీలకు దోమల జాలీలు, వరండాలకు ఇనుప గ్రిల్లులు. పిల్లి ఎటు పోయెనో ఎవరును అడుగలేదు. పిల్లి ఎదురైనదని పయనము మాని వెనుకకు తిరుగు క్రైస్తవులు మాత్రము మనలో ఇంకను ఉన్నారు. వారిని గూర్చి మరియొక నెల వ్రాయుదుము.

చెల్లెలు ఉన్న పట్టణములోనే ఒక గొప్ప దేవాలయము కలదు. దాని ఉత్తరపు ప్రక్కన గోడమీద 15వ శతాబ్దపు పెద్ద గడియారమొకటి యున్నది. ఆ గడియారము క్రింద ఒక చిన్న తలుపు, ఆ తలుపు అడుగున గుండ్రని కన్నము. అది పిల్లికొరకు చేసినది. పూర్వము గడియారపు యంత్రమునకు జంతువుల క్రొవ్వు పూసెడివారు. ఆ వాసనకు ఎలుకలు చేరెడివి, వాటికొరకు పిల్లిని ఉంచిరి. ఆ దేవాలయపు లెక్కల పుస్తకములలో 1305 మొదలుకొని 1467 వరకు గుడి కావలివారికిని పిల్లికిని కలిపి సొమ్ము చెల్లించినట్లు వ్రాసియున్నది. పిల్లి వంతు మూడు నెలలకు 13 పెన్నీలు, అనగా వారమునకు ఒక పెన్నీ. అటు తరువాత 1598 ప్రాంతమున విలియం కాటన్ అను బిషప్పు కాలములో, తలుపునకు కన్నము కోసిన వడ్రంగులకు 8 పెన్నీలు ఇచ్చిరి. (మన గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర వేరు, ఈయన వేరు.)

పిల్లికి జీతమిచ్చిన గుడిని గూర్చి మా పెద్దలతో చెప్పినప్పుడు, ముందు పాస్టరు జీతము బకాయి తీర్చి తరువాత పిల్లి సంగతి చూతమని ఒకరు అనిరి. అది అట్లుండనిండు. మేము గమనించినది వేరు. జీతము మొదట వచ్చినది, వాకిలి తరువాత వచ్చినది. పెన్నీ ఇచ్చుట సుళువు. తలుపు కోయుటకు మాత్రము దాదాపు మూడు వందల సంవత్సరములు పట్టినది. మేము ఎరిగిన ధర్మకార్యములు కొన్ని ఈ క్రమముననే నడచినవి.

పరిశుద్ధ గ్రంథమున ఇంటి పిల్లిని గూర్చి ఒక్క మాటయు లేదు. అయినను వాకిళ్ళను గూర్చి చాల ఉన్నది. జలప్రళయము తరువాత నోవహు పావురమును విడిచిన సంగతి మనము ఆదివారపు బడిలోనే నేర్చితిమి (ఆదికాండము 8:9). దిగుటకు చోటు లేక మరలి వచ్చిన ఆ పక్షిని నోవహు తన చేయి బయటపెట్టి లోపలికి చేర్చుకొనెను. ఈ భాగమును మేము ఎన్నిసార్లు బోధించితిమో లెక్కలేదు. అయితే ఆ వేళకు నోవహు కిటికీ దగ్గర ఉండెను అను సంగతి ఈ ఉత్తరము చదువువరకు మాకు తట్టలేదు. ఆయన నిద్రలో నుండిన యెడల ఏమగును? పావురమునకు ప్రేమగల యజమాని ఉండియు, చేయి అందక నీళ్ళలో పడియుండును. చెల్లెలికి దయ లేకపోలేదు. ఆ వేళకు ఇంట చేయి లేదు. ఆ రెక్క అనగా మనము లేనప్పుడు మనము ఇంట విడిచిపోవు చేయి అని మాకు తోచినది.

లూకా 16వ అధ్యాయములోని ధనవంతుని తలంచుకొనుడి. అతడు లాజరును కొట్టెనని గాని, తరిమెనని గాని ప్రభువు చెప్పలేదు. వాకిట పడియుండనిచ్చెను, అంతే. ఎప్పుడైన బయటికి వచ్చినప్పుడు ఏదో విదిలించి యుండవచ్చును. తన వీలును బట్టి తెరచు తలుపు వాని కుండెను; లాజరు చేతికి అందు తలుపు లేదు. నీతిమంతుడు తన పశువుల ప్రాణమును గూర్చి శ్రద్ధ గలిగియుండునని సామెతలు 12:10లో చదివి, మేత వేసితిమి గనుక మనము నీతిమంతులమే అనుకొందుము. వేళకు అందని మేత పశువునకు మేత కాదు. కనిపెట్టి కూర్చుండుట మనకు కనబడని శిక్ష, ఏలయనగా దానిని అనుభవించునది మనము కాము.

ఇక భర్తగారి మాటకు వత్తుము. ఒకరి సొత్తును కోసి మరియొకరికి దయ చూపుట దయ కాదు. మొదట ఇంటి యజమాని వ్రాతపూర్వకముగ ఒప్పుకొనవలెను. ఆయనే ఒక పనివానిని పిలిపించి అడుగగా మరియొక సంగతి తెలిసినదట. అది గట్టిపరచిన అద్దము. ఇట్టి అద్దమును 600 డిగ్రీలకు పైగా కాచి, వెంటనే గాలితో చల్లార్చుదురు. అందుచేత దానికి బలము వచ్చును. పగిలినను కత్తులవలె కాక గులకరాళ్ళవలె రాలును. కాని అటు పిమ్మట దానిని కోయుటకు వీలు లేదు. ఉలి పెట్టినను, రంపము పెట్టినను మొత్తము పొడిపొడి యగును. రంధ్రము కావలెనన్న, అద్దము కొలిమిలోనికి పోకముందే చేయవలెను. (ఇది చదివి మా కలము ప్రసంగములోనికి పరుగెత్తబోయినది, పట్టి ఆపితిమి.) కనుక రంధ్రముతో క్రొత్త పలక చేయించి బిగించవలెను. అయితే ఇందులో ఒక మేలున్నది. పాత పలకను పదిలముగ దాచి, ఇల్లు విడుచునాడు మరల బిగించి పోవచ్చును. కోయబడునది ఇంటివాని తలుపు కాదు. ఖర్చు మాత్రము వీరిది. ఖర్చు మాట వచ్చిన తరువాత మాట ఇచ్చినవారు వెనుదీయరాదని మా అభిప్రాయము.

ఊరి పిల్లులన్నియు వచ్చుననుదానికిని ఉపాయమున్నది. ఇంగ్లాండులో 2024 జూన్ 10 నుండి పెంపుడు పిల్లులన్నిటికి చర్మము క్రింద చిప్పు పెట్టించుట చట్టమైనది. అది బియ్యపు గింజంత యుండును, దానిలో ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యను గుర్తుపట్టి, తన పిల్లికి మాత్రమే తెరుచుకొను రెక్కలు వచ్చినవి. మన కాపరి గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచును, ఆ తలుపు సంఖ్యనుబట్టి పిలుచును. ఏదైనను అది చాలును. పట్టణములోని పిల్లులన్నిటికి తెరువుమని మేము చెల్లెలికి చెప్పము. ఆమె మాట ఇచ్చినది ఒక్క పిల్లికే. చేయగలిగినంత మాట ఇచ్చి, ఇచ్చినంత చేయుటయే మానవులకు తగినది.

మమ్మును ఎక్కువ బాధించినది పిచ్చుకల సంగతి. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని మనవారు అందురు. అచ్చటి తోటలలో చిన్న పక్షులకును అట్టి సంకటమే. పిల్లి చేతికి వాకిలి ఇచ్చినవాడు పక్షి ప్రాణమునకు కొంత జవాబుదారియే గదా. క్రొత్త ఇల్లు కట్టించినవాడు ఎవడైన పడిపోకుండ మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రములో ఉన్నది (ద్వితీయోపదేశకాండము 22:8). ఇల్లు ఎట్లు కట్టితివి అని కూడ దేవుడు లెక్క అడుగును. పైగా ప్రభువు బలిపీఠము దగ్గర పిచ్చుకకు గూడు దొరికినదని 84వ కీర్తన పాడిన భక్తుడు సంతోషించెను. ఆ పిచ్చుకను మన దయ చంపరాదు. సూర్యాస్తమయమునకు ఒక గంట ముందునుండియు, తెల్లవారిన తరువాత ఒక గంటవరకును పిల్లిని లోపల ఉంచుమని అచ్చట పక్షులను కాపాడువారు చెప్పుచున్నారు. లోనికి రానిచ్చి బయటికి పోనియ్యక బిగించు గడియ గల రెక్కలును దొరకును. సాయంకాలము ఆ గడియ వేయుమని వ్రాసితిమి. ఇంత చేసినను కొన్ని పక్షులు చచ్చును. దీనికి మాయొద్ద పూర్తి జవాబు లేదు.

ఇట్లు నాలుగు పుటలు వ్రాసి మడిచితిమి. మరునాడు ఇంకను చీకటి యుండగనే మాకు మెలకువ వచ్చి, దీపము తీసికొని గుడివైపు నడచితిమి. గుడి ముందటి ఇనుప గ్రిల్లు పట్టుకొని ఎవరో నిలువబడి యుండిరి. మా సంఘపు ముసలమ్మ, కూలికి పోవు మనిషి. మూడు సంవత్సరముల క్రిందట గుడిలోని మైకు దొంగలు ఎత్తుకొనిపోయిరి. అప్పుడు కమిటీవారు ఈ గ్రిల్లు పెట్టించిరి. తాళపుచెవి మా యింట మేకునకు వ్రేలాడుచుండును. అంతకు ముందు ఆమె ప్రతి ఉదయమున పొలము పోకముందు గుడిలో మోకరించి పోవుచుండెనని మేము ఎరుగుదుము. గ్రిల్లు వచ్చిన తరువాత ఏమి చేయుచున్నదో మేము అడుగలేదు. మూడు సంవత్సరములుగా అచ్చటనే నిలువబడి ప్రార్థించి పోవుచున్నదట.

మా తలుపు ఎందుకు తట్టలేదమ్మా అని అడిగితిమి.

"మిమ్మల్ని లేపడం ఎందుకులెండి అయ్యగారూ. ఇక్కణ్ణుంచైనా ఆయనకి వినబడద్ది గదా" అన్నది.

ఆమె తట్టియుండిన యెడల మేము తప్పక లేచి తెరిచియుందుము. చెల్లెలి భర్త చెప్పిన మాటయు ఇదే. మనుష్యురాలిని పిల్లితో పోల్చుట కాదిది. పిల్లికొరకు నాలుగు పుటలు వ్రాయ ఓపిక గలిగిన మాకు, ముప్పది అడుగుల దూరమున ఉన్న గ్రిల్లు కనబడలేదని మాత్రమే ఒప్పుకొనుచున్నాము. ఉత్తరము విప్పి, అడుగున ఈ సంగతియు వ్రాసి పంపితిమి.

కమిటీలో రెండవ తాళపుచెవి మాట ఎత్తగా వాదన జరిగినది. ఒకరికిచ్చిన పదిమందికి ఇయ్యవలెను గదా, మైకు మరల పోయిన ఎవరిది బాధ్యత అని పెద్దలు అడిగిరి. తగిన ప్రశ్నయే. మాదే అని పుస్తకములో వ్రాసి చేవ్రాలు చేసితిమి. ఇద్దరు పెద్దలు ఇప్పటికిని సంతోషముగ లేరు.

ఇంటి యజమాని ఒప్పుకొనెననియు, క్రొత్త అద్దమునకు చెప్పితిమనియు చెల్లెలు వ్రాసినది. కొలత తీసినది భర్తయేనట, పిల్లి కడుపు ఎంత ఎత్తున నున్నదో నిలువబెట్టి చూచి. మా ముసలమ్మ తాళపుచెవిని మెడలో త్రాటికి కట్టుకొన్నది. మొన్న ఆదివారము ఆమె వచ్చి, తాళము బిగుసుకొని తిరుగుట లేదని చెప్పినది. కొబ్బరినూనె వేసితిమి.