తీర్చకూడని బాకీ

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి పొయ్యి ఆరేది కాదని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ బతుకంతా గోదావరి పాయలు దాటి వచ్చేపోయేవాళ్లకి అన్నం పెట్టడంతోనే గడిచింది. వేళ కాని వేళ వచ్చినా, ఏ కులం వాళ్లొచ్చినా విస్తరి వేసేవారని పేరు. ఆ ఊరి దగ్గరి అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా 2024 నుంచి ఆవిడ పేరే.

సీతమ్మగారి మాట వస్తే అందరూ పెట్టిన చెయ్యి గురించే మాట్లాడతారు. నాకు మాత్రం తిని వెళ్లినవాళ్ల మీదికి ధ్యాస పోతుంది. పడవ దిగి, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని ఎవరి దారిన వాళ్లు పోయారు. వాళ్లలో చాలామంది మళ్లీ ఆ ఊరి మొహం చూసి ఉండరు. ఆవిడకి తిరిగి ఒక పూట పెట్టే అవకాశం వాళ్లకి రాలేదు. మరి ఆ అన్నం బాకీ ఏమైనట్టు?

మన పెంపకంలో ఇది చిన్న ప్రశ్న కాదు. పక్కింటి వాళ్లు గిన్నెలో కూర పంపిస్తే ఆ గిన్నెని ఖాళీగా తిరిగి పంపం. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తాం. ఒకరి రుణం ఉంచుకోకూడదన్నది చిన్నప్పుడే ఒంట పట్టించేస్తారు. మర్యాదే, కాదనను. కాకపోతే అలా వెంటనే తీర్చేసే తొందరలో, ఇంక నీకూ నాకూ లెక్క సరి అని చెప్పే తొందర కూడా ఉంటుంది.

ఆ తొందర పనికిరాని ఏర్పాటు ఒకటి మన దగ్గరే ఉండేది. మా తాతగారి తరంలో చాలామంది వారాలు చేసుకుని చదువుకున్నారు. పల్లెటూరి నుంచి పట్నం హైస్కూలుకి వచ్చిన పిల్లాడికి సోమవారం ప్లీడరుగారింట్లో భోజనం, మంగళవారం మేష్టారింట్లో, బుధవారం దూరపు చుట్టాలింట్లో. అలా ఏడు ఇళ్లు కుదిరితే వారం గడిచినట్టే. ఆరే కుదిరితే ఒక రోజు పస్తు. ఆ పిల్లాడు ఆ ఏడు ఇళ్లకీ ఏం తిరిగి ఇవ్వగలడు? ఏమీ ఇవ్వలేడు. పాతికేళ్ల తరవాత అతనికి ఉద్యోగం వచ్చి, సొంత ఇల్లు ఏర్పడ్డాక, ఆ ఇంట్లో గురువారం నాడు మరెవరో పిల్లాడు పీట మీద కూర్చునేవాడు. బాకీ వెనక్కి వెళ్లలేదు, ముందుకి నడిచింది.

ముక్కూమొహం తెలియని బాటసారులకి ఇంట్లో ఉచితంగా చోటిచ్చే ఇవాళ్టి పద్ధతులన్నీ ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1949లో, బాబ్ లూయిట్‌వైలర్ అనే అమెరికన్ డెన్మార్క్‌లో కొంతమంది మిత్రులతో కలిసి ఒక ప్రయత్నం మొదలుపెట్టాడు. నిన్నటిదాకా ఒకళ్లనొకళ్లు చంపుకున్న దేశాల మనుషులు ఒకరింట్లో ఒకరు రెండు రాత్రులు ఉండి, ఒకే బల్ల దగ్గర తింటే శాంతి దానంతటదే కొంత కుదురుతుందని వాళ్ల నమ్మకం. అదే తరవాత సర్వాస్ అయింది. పరిచయ పత్రం పట్టుకుని వచ్చిన అతిథి దగ్గర డబ్బు పుచ్చుకోరు. అలాగని, అతిథి వెళ్లిపోయాక తిరిగి ఆతిథ్యం ఇచ్చిన వాళ్లనే పిలవాలన్న నియమమూ లేదు. వీలున్నప్పుడు తన తలుపు మరొకరికి తీస్తే చాలు.

ఇంటర్నెట్ వచ్చాక ఇదే కథ పెద్దదైంది. కేసీ ఫెంటన్ అనే అమెరికన్ కుర్రాడు ఐస్‌లాండ్‌కి చవక టికెట్ దొరికితే, హోటల్‌కి బదులు అక్కడి విశ్వవిద్యాలయంలో పదిహేను వందల మంది విద్యార్థులకి మీ ఇంట్లో చోటిస్తారా అని ఈమెయిల్ పంపాడు. ఆ ఆలోచనలోంచి 2004లో కౌచ్‌సర్ఫింగ్ వచ్చింది. లక్షల మంది చేరారు. 2011లో అది లాభాల కోసం నడిచే కంపెనీగా మారింది, 2020లో సభ్యుల దగ్గర చందా తీసుకోవడం మొదలైంది. పాత సభ్యులు చాలామంది నొచ్చుకున్నారు. సర్వర్లు ఊరికే నడవవు, ఆ మాట నిజమే. వాళ్ల బాధ ఆ కాస్త రుసుము గురించి కాదని నా ఉద్దేశం. తాము ఏళ్ల తరబడి ఒకరికొకరు పెట్టుకున్న అన్నం ఎవరి ఖాతాలోనో ఆస్తిగా తేలిందే అన్నదే అసలు బాధ.

డబ్బు చెడ్డదని అనబోవడం లేదు. ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ మనకి తెలుసు. ఆవిడ డబ్బు తీసుకుని అన్నం పెడుతుంది, అది ఆవిడ బతుకుతెరువు. అందులో ఒక స్వేచ్ఛ కూడా ఉంది. డబ్బిచ్చి తిన్నవాడు పులుసులో ఉప్పు లేదని విసుక్కోవచ్చు, చెయ్యి కడుక్కున్నాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు. పెట్టిన మనిషి కూడా అతని పేరు గుర్తుంచుకోనక్కర్లేదు. డబ్బు చెల్లిస్తే రుణం తీరుతుంది, దానితోపాటు బంధమూ తీరుతుంది. చాలాసార్లు మనకి కావలసింది అదే. కానీ ఎప్పుడూ అదే అయితే, ఊళ్లు ఎన్ని చూసినా మనుషులెవరూ తెలియరు.

ఈ సంగతి వినోబా భావేకి బాగా తెలుసు. 1962లో సతీష్ కుమార్ అనే యువకుడు, ఆయన స్నేహితుడు ఇ.పి. మీనన్ అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఢిల్లీ నుంచి మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్‌లకి పాదయాత్ర తలపెట్టి వినోబా ఆశీర్వాదం కోసం వెళ్లారు. 1951లో మన పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన ఆ వినోబాయే, వెంట ఒక్క పైసా తీసుకెళ్లొద్దన్నారు. డబ్బుంటే పొద్దుగూకేసరికి అలిసిపోయి ఏ హోటల్లోనో పడుకుంటారు. లేకపోతే ఎవరో ఒకరి తలుపు తట్టక తప్పదు, తట్టాక మాట్లాడక తప్పదు. పాకిస్తాన్ సరిహద్దు దాటబోతుంటే ఒక స్నేహితురాలు దారిలో తినమని పొట్లాలు ఇవ్వబోయింది. సతీష్ కుమార్ తీసుకోలేదు. అవతలి వాళ్లు మాకు అన్నం పెట్టరేమో అన్న అనుమానాన్ని కూడా మూటగట్టి మోసుకెళ్లినట్టవుతుందని ఆయన అభ్యంతరం. అవతలివైపు వాళ్ల కోసం వెతుక్కుంటూ వచ్చి ఇంటికి తీసుకెళ్లిన మనిషి నిజంగానే దొరికాడు. నల్ల సముద్రం దగ్గర టీ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు నాలుగు టీ ప్యాకెట్లు ఇచ్చి, నాలుగు రాజధానుల్లో ఉన్న పెద్దలకి అందించమన్నారు. అణుబాంబు మీట నొక్కాలన్న బుద్ధి పుడితే, ముందు ఆగి ఒక కప్పు టీ తాగమని వాళ్ల సందేశం.

ఆ ఇద్దరి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, పుచ్చుకోవడం మాత్రమే వచ్చు. అది తేలిక అనుకుంటాం కానీ, కాదు. పెట్టేవాడు ఎప్పుడూ ఒక మెట్టు పైన ఉంటాడు. పుచ్చుకునేవాడు తన అవసరాన్ని ఎదుటివాడి కళ్ల ముందు ఒప్పుకోవాలి. పుచ్చుకోవడం తెలియనివాడు పెట్టినప్పుడు ఆ పెట్టడంలో గర్వమే ఎక్కువ ఉంటుంది.

మా ఇల్లు రాజమహేంద్రవరంలో. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి మీద దూరప్రయాణపు సైకిలిస్టులు మా ఊరి మీదుగా పోతుంటారు. అలాంటి వాళ్లకి ఇంట్లో చోటిచ్చే వార్మ్‌షవర్స్ జాబితాలో మా ఆయన మా ఇంటి పేరు చేర్చారు. ఒక వేసవిలో పోలండ్ అబ్బాయి ఒకడు వచ్చాడు. ఎండకి మెడ వెనక తోలు ఊడిపోయి ఉంది. బక్కెట్టూ చెంబూ చూపిస్తే కాసేపు వాటివంక చూసి, తలుపు వేసుకుని, అరగంట సేపు నీళ్లు గుమ్మరించుకున్నాడు.

మా అత్తగారికి ఇంగ్లిషు రాదు, అతనికి తెలుగు రాదు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఆవిడ మొదటి ప్రశ్నే "జీతమెంత బాబూ?" అని అడిగారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తన దేశంలో సొంత అన్నయ్య జీతం కూడా తనకి తెలియదన్నాడు. ఆవిడ ఆశ్చర్యపోయి, "మరి అన్నయ్య ఇబ్బందుల్లో ఉంటే ఎలా తెలుస్తుందిరా నాయనా?" అన్నారు. నేను అనువదించాను. అతను కొంచెంసేపు ఊరుకుని, తెలియదనే ఒప్పుకున్నాడు. కాసేపటికి జీతం కూడా చెప్పాడు.

మర్నాడు ఉదయం ప్రశ్న అటునుంచి వచ్చింది. మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లిన అతను వెనక బాల్కనీ గట్టు మీద బోర్లించి ఉన్న స్టీలు గ్లాసు తీసుకుని నీళ్లు పట్టుకుని తాగేశాడు. అత్తగారు చూశారు, నేనూ చూశాను. ఎవరం ఏమీ అనలేదు. మా మొహాలు చూసి అతనే అడిగాడు, ఏమైనా తప్పు చేశానా అని. లేదు, అది పనిచేసే లక్ష్మి గ్లాసు అన్నాను. "ఆవిడకి వేరే గ్లాసు ఎందుకు?" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, బస్సు టైము అడిగినంత మామూలుగా అడిగాడు. ఈసారి అనువాదం అవసరం లేకుండానే అత్తగారికి అర్థమైంది. ఆ ప్రశ్నకి మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల దగ్గరా అతనికి చెప్పగలిగిన జవాబు లేదు. కారణం మాత్రం ఇద్దరికీ తెలుసు. లక్ష్మి వచ్చాక అందరి గ్లాసులతోపాటు ఆ గ్లాసూ బల్ల మీదికి చేరింది. మొదటి వారం లక్ష్మే ఎక్కువ ఇబ్బంది పడింది.

సంస్కృతుల పరిచయం అంటే మనం చీర కట్టించి ఫొటో తీయడం, వాళ్లు చాక్లెట్లు ఇవ్వడం అనుకుంటాం. అవీ సరదాయే. నేను చూసినంతలో అసలు మార్పిడి ఈ రెండు ప్రశ్నల్లోనే జరిగింది. అన్నయ్య జీతం తెలియకపోవడం అక్కడ సహజం, గ్లాసు వేరుగా ఉండడం ఇక్కడ సహజం. డబ్బిచ్చి గదిలో దిగినవాడికి మన వంటింటి గ్లాసు కనబడదు. అతని అన్నయ్య ఊసు మనకి తెలియదు.

అలాగని పాత ఆతిథ్యాన్ని ఆకాశానికి ఎత్తలేను. పరాయి ఊళ్లో అరుగు మీద కూర్చున్న బాటసారికి నీళ్లివ్వడానికి ముందే "మీరెవరింటివారు?" అన్న ప్రశ్న వచ్చేది. జవాబుని బట్టి నీళ్లు చెంబుతో ఇవ్వాలా, దోసిట్లో పోయాలా అన్నది తేలేది. నేటికీ శ్రీశైలంలో, కాశీలో కులాల వారీ సత్రాలు చాలానే ఉన్నాయి. వారాల పిల్లాడికి కూడా ఏ ఇల్లు పడితే ఆ ఇల్లు తెరుచుకోలేదు. ఇప్పటి జాబితాల్లో కులం అడగరు కానీ, ఫొటో చూస్తారు, పాత అతిథులు రాసిన మాటలు చదువుతారు. ఒంటరి ఆడపిల్లకైతే అది చదవడం జాగ్రత్త, తప్పుపట్టను. ప్రభుత్వం సంగతి సరేసరి. విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకుంటే 24 గంటల్లోగా అతని పాస్‌పోర్టు, వీసా వివరాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. సీ ఫారం అని ఏళ్లుగా అలవాటైన ఆ పని మా ఇంట్లో ఆయనదే.

షరతుల్లేని ఆతిథ్యం ఎక్కడా లేదు. 1795లో శాశ్వత శాంతి గురించి రాస్తూ జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా ఇక్కడే గీత గీశాడు. పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువుగా చూడకూడదు, అంతవరకే అతని హక్కు. ఇంట్లో అతిథిగా ఉంచుకోమని అడిగే హక్కు అతనికి లేదు. హక్కు కానిది కాబట్టే, తలుపు తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇష్టపడి తీసినట్టు.

ఆ ఇష్టం ఎవరిదన్నది ఇంకా మిగిలే ఉంది. అతిథి దేవుడన్న మాట హాల్లో వినబడుతుంది, పప్పు వంటింట్లో ఉడుకుతుంది. సీతమ్మగారికి అది ఆవిడే ఎంచుకున్న వ్రతం. వారాల పిల్లాడికి భోజనం మాటిచ్చింది ప్లీడరుగారు, వండింది ఆయన భార్య. చదివి పెద్దవాడైన ఆ కుర్రాడు ప్లీడరుగారి పేరే చెప్పుకున్నాడు. మా ఇంట్లోనూ జాబితాలో పేరు మా ఆయనది, పొయ్యి నాది. పోలండ్ అబ్బాయి రెండో రోజు రాత్రి వంట తను చేస్తానన్నాడు. మైదాపిండి వత్తి, లోపల ఆలూ, ఉల్లిపాయ కూరి, మడిచి, మరిగే నీళ్లలో వేశాడు. "ఉడకబెట్టిన కజ్జికాయ" అన్నారు అత్తగారు, రెండు తిన్నారు. ఆ రాత్రి మా ఆయన గిన్నెలు తోమారు. అతిథి కడుగుతుంటే కూర్చుని చూడలేక లేచారని నా అనుమానం. కారణం ఏదైనా ఆ అలవాటు నిలిచింది. ఎవరైనా వచ్చిన రోజుల్లో ఇప్పుడు గిన్నెలు ఆయనవే.

బాకీని ముందుకి పంపాలనే నేనూ అంటాను. ఆ పోలండ్ అబ్బాయి మాకు తిరిగి ఏమీ ఇవ్వక్కర్లేదు, వాళ్ల ఊళ్లో ఎవరికైనా ఒక పూట పెడితే చాలు. కానీ ఆ బాకీ అసలు ఎవరి చేతి మీదుగా పుట్టిందో ఆ ఇంట్లో వాళ్లకి తెలిసి ఉండాలి. పరాయివాణ్ణి పిలిచే ముందు వండే మనిషిని అడగని ఇంట్లో, ఆ వచ్చినవాడికి పెట్టేది ఆవిడ దగ్గర అడక్కుండా తీసుకున్నదే.