ఈ పుస్తకం ఎవరి పిల్లలకు?

బడి లైబ్రరీలో మన బతుకుల పుస్తకాలు కూడా పెట్టాలని అడుగుతున్నం. అడగాల్సిందే. కానీ దాని వెనుక ఇంకో ప్రశ్న ఉంది. వాటిని ఎవరు చదవాలె? మాదిగ పిల్ల కథను మాదిగ పిల్లకే ఇచ్చి, దొర పిల్లకు రాజుల కథలిస్తే న్యాయం జరిగినట్టేనా? పదిమంది నడుమ మన బాధను చదివితే మన పిల్లకు బలమైతదా, మళ్లా ఓ అవమానమైతదా? 28 ఏండ్లు సర్కారు బడుల్లో టీచర్‌గ పనిచేసినదాన్ని. నాకు తెలిసింది చెబుతా.

మాది తెలంగాణలో ఓ మాదిగవాడ. మా అయ్యకు లంద ఉండేది. తంగేడు చెక్క ఎంత వెయ్యాలె, తోలు ఎన్నొద్దులు నాననియ్యాలె, ఎప్పుడు తీయాలె అన్నది ఆయన చదువు. నా వాచకంలో ‘ఋ’కు ఋషి ఉన్నడు, ‘య’కు యజ్ఞం ఉన్నది. ‘చ’ దగ్గర చెప్పుల బొమ్మ కూడా ఉన్నది. ఆ చెప్పులు కుట్టిన మనిషి మాత్రం ఏ పేజీలోనూ లేడు. ఋషిని నేను ఎన్నడూ చూడలే. నేను రోజూ చూసేటోళ్లు ఏ అక్షరానికీ పనికిరాలే.

ఒక్కసారి మేమూ పాఠంలోకి వచ్చినం. ఐదో తరగతిలో సారు ‘హరిజనులు’ అని చదవంగనే నలభై తలలు నాదిక్కు తిరిగినయి. మమ్మల్ని ఉద్ధరించాలని ఆ పాఠం చెబుతున్నది. నేను పుస్తకంలో మొఖం దాచుకున్న. రాసినాయన మనసు మంచిదే కావచ్చు. కానీ ఆయన నాకోసం రాయలేదు, నన్ను చూపించి వేరేవాళ్లకు దయ నేర్పడానికి రాసిండు. పుస్తకంలో కనబడుడు వేరు, మనిషిగ కనబడుడు వేరు.

అట్లని బాధను చెప్పే పుస్తకాలు వద్దంటనా? అనను. అంబేద్కర్ తన చిన్నతనం తానే రాసిండు. కూర్చునే గోనెపట్టాను రోజూ ఇంటికి మోసుకుపోయింది, బడి నౌకరు నల్లా తిప్పితేనే నీళ్లు దొరికింది రాసిండు. ఆ జీవితాన్నే 2011లో నవయాన ప్రచురణ సంస్థ ‘భీమాయణ’ అని బొమ్మల పుస్తకంగా తెచ్చింది. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు బొమ్మలు వేసిన్రు. ఇందులోనూ అవమానం ఉంది. అయితే అవమానపడ్డ మనిషే నిలబడి అడుగుతున్నడు. తల దించుకోవాల్సింది నీళ్లియ్యనోడు. ఇది తరగతిలో చెప్పినప్పుడు నేను మావాడ పిల్లలను లేపి ‘మీకూ ఇట్లనే జరిగిందా’ అని అడగలే. ‘నల్లా తిప్పే హక్కు ఒక్కనికే ఎవరిచ్చిన్రు?’ అని అందరినీ అడిగిన. ఊరిపిల్లలే ముందు జవాబు ఎతుక్కున్నరు.

కంచ ఐలయ్య 2007లో పిల్లలకోసం ఇంగ్లీషులో ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ రాసిండు. అందులో తోలుపని, కుండలపని, బట్టలుతికే పని విజ్ఞానంగా కనబడతయి. దాన్ని తెలుగులో చెబుతుంటే, తోలుకు సున్నం ఎందుకు పెడతరని ఓ పటేలు మనుమడు అడిగిండు. మా వాడ పిల్లగాడు ఇంట్ల తాతనడిగి తెల్లారి వచ్చి చెప్పిండు, బొచ్చు ఊడడానికని. ఆ తాత బడిమెట్టు ఎక్కనోడు. ఆ దినం బడికి పాఠం ఆయనదే. అయితే పనిని గౌరవించుడంటే ఆ పనికే మమ్మల్ని కట్టేసుడు కాదు. మామిడికాయలు దొంగతనం చేసే, చందమామ మీదికి పోయే మాదిగ పిల్ల కథ కూడా కావాలె.

2008లో అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. అందులో గోగు శ్యామల రాసిన తాటకి కథ ఉన్నది. పొలానికి నీళ్లు కట్టబోయిన దళితపిల్ల తనమీదికొచ్చిన భూస్వామిని తిప్పికొడుతది. ‘ఇది పిల్లలకు తగునా’ అని తోటి టీచరమ్మ అడిగింది. ఆ వయసుల పనికి పోయి ఆ భయం పడుడు తగినప్పుడు, అదే వయసుల చదువుడు ఎందుకు తగదు? ఎట్ల చెప్పాలన్నది ఆలోచించాలె. దాచిపెట్టి మాత్రం ఏ పిల్లనూ కాపాడలేం.

1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మా వాడ ఇండ్లూ అది కట్టినయి. కాబట్టి మనం అడిగేది దానం కాదు.

1855లోనే ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ కులపు పిల్ల ముక్తా సాల్వే తన జనం దుఃఖం మీద వ్యాసం రాసింది. ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. వేదం చదివే హక్కులేని మాకు మతమేదని అడిగింది. ఆమె ఎవరి పాఠంలోనూ బొమ్మ కాలేదు, తానే రాసింది.

జాబితాలు రాసే తమ్ముళ్లారా, చెల్లెల్లారా! పుస్తకంలో దళితులున్నరా అని ఒక్కటే చూడకున్రి. అది చదివేటప్పుడు తరగతిలో మన పిల్ల తల ఎత్తి ఉంటదా, దించుకుంటదా? పక్కనున్న పిల్లకు దయ పుడతదా, ప్రశ్న పుడతదా? ఈ రెండూ చూసి పుస్తకం పెట్టున్రి. పెట్టినంక ముందుగాల ఊరిపిల్లల చేతికియ్యున్రి.